ఒకే బడికి ఆరు పుట్టిన సంవత్సరాలు

పాత బడికి శతవార్షికోత్సవం చేద్దామని పూర్వ విద్యార్థులు కూర్చుంటే మొదటి పేచీ సంవత్సరం దగ్గరే వస్తుంది. గేటు మీద ఒక ఏడాది ఉంటుంది, లోపలి శిలాఫలకం మీద ఇంకొకటి. ప్రభుత్వం ఏటా బడుల వివరాలు నింపించుకునే యూడైస్ ఫారంలో "స్థాపించిన సంవత్సరం" గడిలో మూడోది. ఇవేవీ కాదు, మా ముత్తాత కూడా ఇక్కడే ఓనమాలు దిద్దాడని ఊళ్లో పెద్దవాళ్లు అంటారు. చివరికి ఎక్కువమంది ఒప్పుకున్న ఏడాదిని ఫ్లెక్సీ మీద వేసేస్తారు. అలా వేసిన ఏడాదే మరో తరానికి ఆధారమైపోతుంది.

ఈ లెక్కలన్నీ నిజమే కావచ్చు. బడి అరుగు మీద మొదలైన ఏడాది, సర్కారు గుర్తింపు వచ్చిన ఏడాది, గ్రాంటు మొదలైన ఏడాది, బోర్డు చేతికి వెళ్లిన ఏడాది, సొంత భవనం లేచిన ఏడాది, హైస్కూలుగా పెరిగిన ఏడాది. ఒక్కో కాగితం వీటిలో ఒక్కోదాన్ని చెబుతుంది. ఏ కాగితం దేని గురించి మాట్లాడుతోందో తెలియాలంటే బడులు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయో తెలియాలి.

మొదటిది అరుగు బడి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ బడుల లెక్కలు అడిగాడు. 1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ పంపిన జవాబు వాటిలో అన్నిటికంటే వివరమైనది. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో వేరుపడింది. జిల్లాలో 533 బడులు ఉన్నాయని ఆయన లెక్క తేల్చాడు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మొత్తం పిల్లలు 6,641 మంది, వాళ్లలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. సగటు కడితే బడికి పన్నెండు మంది చిల్లర. పన్నెండు మంది పట్టడానికి ఒక ఇంటి వీధి అరుగు చాలు. ఆ బడికి వేరే భవనం అక్కర్లేదు కాబట్టి ఈనాడు వెతికితే పునాది రాయీ దొరకదు.

ఆ అరుగు మీద ఏం జరిగేదో కూడా క్యాంప్‌బెల్ రాశాడు. బడి పొద్దున్నే ఆరింటికి మొదలు. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా: మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన వాళ్లకు వరసగా ఒక్కోటి ఎక్కువ. అక్షరాలు ముందు ఇసకలో వేలితో దిద్దించేవారు. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటం, లేదా కాగితం మీద కలం. పలక బదులు కడితం ఉండేది: గుడ్డకు గంజి, బొగ్గు పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టిన నల్లటి పుస్తకం. బలపంతో రాసి తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. పంతులుకు పిల్లలిచ్చే జీతం మొదట్లో నెలకు పావు రూపాయి, కాగితం మీద రాసే దశకు వస్తే అర్ధ రూపాయి. పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించే ఈ పద్ధతిని ఇంగ్లండు కూడా తీసుకుందని ఆయన మెచ్చుకున్నాడు. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర బడిని చూసుకున్న ఆండ్రూ బెల్ దాన్ని అక్కడికి చేర్చాడు.

అదే నివేదికలో మరో మాట ఉంది. ఈ 533లో ఒక్కదానికీ సర్కారు నుంచి సాయం అందడం లేదని, అలా చెప్పడానికి సిగ్గుపడుతున్నానని ఆయన రాశాడు. మన పేచీకి వేరు ఇక్కడే ఉంది. సర్కారు డబ్బు లేనిచోట సర్కారు రికార్డు లేదు. పంతులు చనిపోతే బడి ఇంకో అరుగు మీదికి మారేది, లేదా ఆగిపోయేది. పిల్లలు నెల జీతంతో పాటు దసరాకు ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన సంభావనే పంతులుగారి రాబడి. దానికి పద్దు ఎవరు రాస్తారు? ఈ దశ గురించి ఇప్పుడు తెలిసేది కుటుంబాల నోటి మాట వల్లే. అందుకే ముత్తాత చదివాడన్న మాటను కొట్టిపారేయకూడదు. దాన్ని శతవార్షికోత్సవానికి తేదీగానూ పెట్టకూడదు.

1854లో ఛార్లెస్ వుడ్ పంపిన విద్యా తాఖీదు తర్వాత గ్రాంట్ల కాలం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో నడిచినది ఫలితాల గ్రాంటు. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. పాసైన పిల్లల్ని బట్టి పంతులుకు డబ్బు. దానికి హాజరు పట్టీ, ప్రవేశ రిజిస్టరు చూపించాలి. అరుగు బడి పంతులు మొదటిసారి రూళ్ల పుస్తకం కొన్నది ఆ రోజుల్లోనే. చాలా బడుల "స్థాపన" సంవత్సరం నిజానికి ఆ పుస్తకం మొదలైన సంవత్సరమే.

తర్వాత బోర్డులు వచ్చాయి. 1884 స్థానిక బోర్డుల చట్టం, 1920 ప్రాథమిక విద్యా చట్టం ఊరి బడుల్ని తాలూకా బోర్డు, జిల్లా బోర్డు, మునిసిపాలిటీల కిందికి తెచ్చాయి. మిషన్ బడులు, సర్కారు గ్రాంటుతో నడిచే ఎయిడెడ్ బడులు పక్కనే నడిచాయి. 1920ల నుంచి కార్మిక శాఖ దళిత పేటల్లో వేరుగా బడులు పెట్టింది. లేబర్ స్కూలు అని పిలిచేది వాటినే; తర్వాత ఇవి హరిజన పాఠశాలలయ్యాయి, ఆపైన పంచాయతీ సమితుల్లో కలిశాయి. ఊరి బడిలో చోటివ్వని పిల్లలకు చదువు దొరికింది అక్కడే. శతవార్షిక సంచికల్లో ఊరి బడి చరిత్ర పేజీలకు పేజీలు రాసి, అందులో కలిసిపోయిన పేట బడిని ఒక్క వాక్యంతో దాటేస్తున్నారు. అది పెద్ద అన్యాయం. రెండు బడులు కలిసినప్పుడు రెండు రిజిస్టర్ల వరసలూ చరిత్రలోకి రావాలి.

నిజాం రాజ్యంలో దారి వేరు. సర్కారు బడుల్లో బోధన ప్రధానంగా ఉర్దూలో. తెలుగు చెప్పేవి ఎక్కువగా ఖాన్‌గీ బడులు, అంటే సొంతంగా నడుపుకునేవి. 1920ల్లో వచ్చిన నిబంధనలతో వాటికి ముందస్తు అనుమతి తప్పనిసరైంది. అనుమతి లేకుండా నడిచినవి కాగితం మీదికి ఎక్కలేదు. తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాల పెట్టడానికి వెనక ఉన్నది ఈ పరిస్థితే. 1948 తర్వాత రిజిస్టర్లు ఉర్దూ నుంచి తెలుగు, ఇంగ్లీషుల్లోకి మారాయి. చాలాచోట్ల పాతవాటిని కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశారు.

ఎత్తి రాయడంలోనే తప్పులు దొర్లాయి. ఉర్దూ అంకెల్లో 2కూ 3కూ మధ్య తేడా పంటిలాంటి ఒక్క గీత. తెలుగు అంకెల్లో ౨, ౩ కూడా అంతే. పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన ఫస్లీ సంవత్సరం ఇంకో ఉచ్చు. హైదరాబాదు ఫస్లీ అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలవుతుంది. దాన్ని క్రీస్తుశకంలోకి మార్చాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు తేదీకి 590, జనవరి తర్వాతి తేదీకి 591 కలపాలి. 1357 ఫస్లీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. కోస్తా, సీమల్లో రెవెన్యూ ఫస్లీ జూలై 1న మొదలవుతుంది కాబట్టి అక్కడ జూలై నుంచి డిసెంబరు దాకా 590, ఆపైన 591. అన్నిటికీ 590 కలిపేస్తే బడి వయసు ఒక ఏడాది పెరిగిపోతుంది.

1959 నవంబరులో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక బడులు సమితికి, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకు వెళ్లాయి. 1987లో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. ప్రతి మార్పుకూ బోర్డు మీద పేరు మారింది, రబ్బరు స్టాంపు మారింది, కొన్నిచోట్ల ప్రవేశ సంఖ్యలు మళ్లీ 1 నుంచి మొదలయ్యాయి. యూడైస్‌లో 1959 అని కనిపించే బడుల్లో చాలావాటికి అది సమితి చేతికి వచ్చిన ఏడాది. గడి ఖాళీగా వదలలేక ఎవరో నింపేశారు, ఆపైన ఏటా అదే నకలవుతోంది.

అందుకని మొదట చూడాల్సింది ప్రవేశ రిజిస్టరు తొలి సంపుటం. 1వ నంబరు దగ్గర ఆగిపోవద్దు, మొదటి యాభై పేర్లూ చదవాలి. అందరూ శిశు తరగతిలోనో ఒకటో తరగతిలోనో చేరి ఉంటే అది నిజంగా కొత్త బడి. ఒకే రోజున ముప్పై మంది చేరి, వాళ్లలో కొందరు నేరుగా నాలుగు, ఐదు తరగతుల్లో ఉండి, "ఇంతకుముందు చదివిన బడి" గడి ఖాళీగా ఉంటే అక్కడ పాత బడి ఒకటి నడుస్తున్నట్టే. పుస్తకం మాత్రమే కొత్తది. హైస్కూలు రిజిస్టర్లలో ఫస్ట్ ఫారం అంటే ఆరో తరగతి, సిక్స్త్ ఫారం అంటే పదకొండు. పుట్టిన తేదీల్లో జూలై 1 గుంపులు గుంపులుగా కనిపిస్తే కంగారు పడొద్దు. తేదీ తెలియని పిల్లలకు ఐదేళ్లు నిండినట్టు హెడ్మాస్టరు వేసుకున్న తేదీ అది. వాటితో బడి చరిత్ర తేల్చొచ్చు గానీ మనిషి వయసు తేల్చలేం.

రిజిస్టరు పోయినచోట తనిఖీ పుస్తకం, పంతుళ్లు జీతం తీసుకుని సంతకం చేసే ఎక్విటెన్స్ రిజిస్టరు, బడి వదిలేటప్పుడు ఇచ్చే టీసీ లేదా రికార్డు షీట్ల అడుగు ప్రతులు వెతకాలి. పాత విద్యార్థి ఇంట్లో దొరికిన ఒక్క రికార్డు షీటు మీద బడి అప్పటి పేరు, యాజమాన్యం, ప్రవేశ సంఖ్య మూడూ ఉంటాయి. స్థలం సంగతికి పాత భూమి రికార్డులు, అంటే కోస్తా, సీమల్లో రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, తెలంగాణలో సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ చూడాలి. దానపత్రం ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడగొచ్చు. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువాటికి చేత్తో వెతికించుకోవాలి. దానపత్రం తేదీ స్థలం తేదీ మాత్రమే, బడి అప్పటికే పదేళ్లుగా గుడి మండపంలో నడుస్తూ ఉండొచ్చు.

భవనం చెప్పే సాక్ష్యాన్ని జాగ్రత్తగా వినాలి. మంగళూరు పెంకు మీద 1865 అని చూసి బడి కట్టింది అప్పుడేనని పొంగిపోతారు. అది బాసెల్ మిషన్ పెంకుల కార్ఖానా మొదలైన ఏడాది; దశాబ్దాల తర్వాత చేసిన పెంకుల మీద కూడా అదే ముద్ర ఉంటుంది. గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్కను తుప్పు గీకి చూస్తే నడుం మీద ఉబ్బెత్తు అక్షరాల్లో కంపెనీ పేరు, ఏడాది కనిపించవచ్చు. పట్టా లైను మీద పనిచేసి, పాతబడి, ఊడదీశాకే బడికి చేరుతుంది. కాబట్టి గంట ఆ ఏడాదికి ముందుది కాదని మాత్రమే తేలుతుంది.

పెద్దవాళ్లను ఏ సంవత్సరమని అడిగితే గుండ్రటి అంకె చెబుతారు. బడి ఎవరి అరుగు మీద ఉండేది, పంతులుగారు ఎవరు, ఫీజు అణాల్లో కట్టారా నయా పైసల్లోనా అని అడగండి. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. తెలంగాణలో పోలీసు చర్యకు ముందా తర్వాతా, దివిసీమలో 1977 ఉప్పెనకు ముందా తర్వాతా అంటే ఠక్కున చెబుతారు.

ఇదంతా ఇప్పుడు తొందరగా చేయాల్సిన పని. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎన్నో ఎయిడెడ్ బడులు గ్రాంటు వదులుకుని సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించాయి. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117తో 3, 4, 5 తరగతులు కిలోమీటరు లోపు హైస్కూళ్లకు తరలాయి. 2025లో ఆ జీవోను రద్దు చేసి మళ్లీ కొత్తగా వర్గీకరించారు. రెండు రాష్ట్రాల్లోనూ భవనాల మరమ్మతు పథకాలు నడిచాయి. ప్రతిసారీ బీరువాలు కదిలాయి. పిల్లల్లేక మూతపడిన బడి రికార్డు పక్క బడికో మండల విద్యాధికారి ఆఫీసుకో చేరుతుంది. అక్కడ అది పనికిరాని పాత కట్ట. చెదలు, రామబాణం పురుగు, కారే పైకప్పు మిగతా పని కానిస్తాయి.

హెడ్మాస్టరు అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, రిజిస్టరును కిటికీ పక్క బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, అట్ట నుంచి అట్ట దాకా ఖాళీ పేజీలతో సహా ఫొటోలు తీయాలి. ఖాళీ పేజీ వదిలేస్తే మధ్యలో కాగితం చినిగిందా లేదా అన్నది తర్వాత తెలియదు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టొద్దు, కాగితం ముడుచుకుపోతుంది. నాలుగైదు పేజీలకొక తెల్ల కాగితం పెట్టి ఫ్యాను గాలికి నీడన ఆరబెట్టి, ఆ కాగితాలు మారుస్తూ ఉండాలి. చిరిగిన పేజీలకు సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. జిగురు పచ్చబడి సిరాను తినేస్తుంది, తర్వాత ఊడదీయడం ఎవరి తరమూ కాదు. ఫొటోల్ని వాట్సాప్ గ్రూపులో పడేయకూడదు. వాటిలో కులం, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. అందరికీ ఇవ్వడానికి ప్రవేశ సంఖ్య, చేరిన ఏడాది, తరగతి మాత్రమే ఉన్న పట్టిక చేసుకుంటే సరిపోతుంది. అసలు ఫొటోల ప్రతి ఒకటి బడికి, ఒకటి మండల ఆఫీసుకు, ఒకటి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వాలి.

శిలాఫలకం కొత్తగా వేయిస్తుంటే ఒక్క ఏడాది కాకుండా దొరికినవన్నీ చెక్కించవచ్చు. ఫలానావారి అరుగు మీద ఇన్నేళ్ల నాడు మొదలు, గుర్తింపు ఈ ఏట, బోర్డు చేతికి ఈ ఏట, పేట బడి ఇందులో కలిసింది ఈ ఏట. రాతి మీద నాలుగు పంక్తులు ఎక్కువ పడతాయి, అంతే.