మెషీన్ హెడ్: ఒక ఆల్బమ్, యాభై ఏళ్ల రీఇష్యూలు

2024 మార్చిలో బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాళ్ల 1972 ఆల్బమ్ 'మెషీన్ హెడ్' సూపర్ డీలక్స్ బాక్స్ వచ్చింది, అప్పట్నుంచి ఫ్యాన్స్‌లో రెండు వర్గాలు, కొత్త మిక్స్ అదిరిందని ఒకళ్లు, పాత రికార్డు జోలికి ఎందుకెళ్లారని ఇంకొకళ్లు. నిజానికి ఈ వాదన కొత్తది కాదు, 1997లో కూడా ఇదే జరిగింది. అసలు ఈ ఆల్బమ్ సౌండ్ అలా ఎందుకుంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు ముట్టుకుంటున్నారు అనేది తెలియాలంటే అది ఎక్కడ ఎలా రికార్డయిందో ముందు తెలియాలి.

1971 చివర్లో బ్యాండ్‌లో ఉన్నది రిచీ బ్లాక్‌మోర్ (గిటార్), ఇయాన్ గిలన్ (గొంతు), రోజర్ గ్లోవర్ (బేస్ గిటార్), జాన్ లార్డ్ (ఆర్గన్), ఇయాన్ పేస్ (డ్రమ్స్), ఫ్యాన్స్ మార్క్ టూ అని పిలిచే లైనప్ ఇదే. స్టూడియోలో రికార్డు చేస్తే స్టేజి మీద ఉండే ఊపు రావట్లేదని వాళ్లకి గట్టి నమ్మకం. అందుకని స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డునున్న మాంట్రో అనే ఊళ్లో కసీనో మాట్లాడుకున్నారు, చలికాలంలో అది మూసేస్తారు కాబట్టి ఆ హాల్లో స్టేజి మీద వాయించినట్టే వాయిస్తూ రికార్డు చేసుకోవచ్చు అని ప్లాన్. రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో, అంటే ఒక లారీలో బిగించిన రికార్డింగ్ గది, దాన్ని అద్దెకి తెచ్చుకున్నారు. ఇంజనీర్ మార్టిన్ బర్చ్.

కసీనో మూతపడే ముందు డిసెంబర్ 4న అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా షో ఒకటి మిగిలింది, డీప్ పర్పుల్ వాళ్లు కూడా చూడ్డానికి వెళ్లారు. షో మధ్యలో జనంలోంచి ఎవరో ఫ్లేర్ గన్, అంటే మంట రవ్వలు పైకి వదిలే తుపాకీ, పైకప్పు మీదకి పేల్చారు, అంతే, మొత్తం అంటుకుంది. జప్పా మైకులో జనాన్ని బయటికి వెళ్లమని చెప్పాడు, మాంట్రో జాజ్ ఫెస్టివల్ పెట్టిన క్లాడ్ నాబ్స్ లోపల చిక్కుకున్న పిల్లల్ని బయటికి లాగాడు, ఎవరి ప్రాణం పోలేదు కానీ బిల్డింగ్ బూడిదైంది, జప్పా సామాన్లన్నీ పోయాయి. పొగ సరస్సు మీద పరుచుకోవడం బ్యాండ్ వాళ్లు చూశారు. కొన్ని రోజుల తర్వాత గ్లోవర్ నిద్ర లేస్తూనే నోట్లోంచి 'స్మోక్ ఆన్ ద వాటర్' అనే మాట వచ్చిందట. జప్పాకి కష్టం అక్కడితో ఆగలేదు, అదే డిసెంబర్ 10న లండన్‌లో ఒకడు అతన్ని స్టేజి మీంచి కిందకి తోసేశాడు, నెలల తరబడి వీల్‌చెయిర్‌లో ఉన్నాడు.

కసీనో పోయాక నాబ్స్ వాళ్లకి పెవిలియన్ అనే థియేటర్ చూపించాడు. అక్కడ బ్లాక్‌మోర్ రిఫ్‌తో, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్కతో, ఒక ట్రాక్ వాయిస్తుంటే ఊళ్లోవాళ్లు గోల భరించలేక కంప్లైంట్ ఇచ్చారు, పోలీసులొచ్చారు, టేక్ అయ్యేదాకా బ్యాండ్ మనుషులు తలుపులు అదిమిపట్టి నిలబడ్డారని వాళ్లే చాలాసార్లు చెప్పుకున్నారు. ఆ టేకే తర్వాత మాటలు చేరి 'స్మోక్ ఆన్ ద వాటర్' అయింది. గిటార్ నేర్చుకునే ప్రతి పిల్లాడూ మొదటి వారంలో వాయించే ఆ నాలుగు ముక్కలు పోలీసులు తలుపు కొడుతుండగా రికార్డయ్యాయి అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చివరికి చలికి ఖాళీగా పడి ఉన్న గ్రాండ్ హోటల్ దొరికింది. వరండాలో పరుపులు అడ్డం పెట్టి డ్రమ్స్, ఆంప్‌లు సర్దుకున్నారు, లారీ బయటుంది, వాయించింది ఎలా వచ్చిందో వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ మంచులో లారీ దాకా నడవాలి, రెండు మూడుసార్లు తిరిగి విసుగొచ్చి ప్లేబ్యాక్ వినడమే మానేశారు. వాయించేటప్పుడే సరిగ్గా వాయించెయ్యాలి అన్నమాట. ఆల్బమ్ మొదటి పాట 'హైవే స్టార్'లో ఆ బిగువు అక్కడిదే అని నా నమ్మకం. రెండు వారాల్లో ఏడు పాటలూ అయిపోయాయి.

నిజానికి పాటలు ఎనిమిది. 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్' అనే నెమ్మది పాట కూడా అక్కడే రికార్డు చేశారు, గిలన్ గొంతు ఎంత మెత్తగా పలుకుతుందో అందులో వినాలి, కానీ బ్లాక్‌మోర్‌కి నచ్చలేదు, ఆల్బమ్‌లోంచి తీసేశారు. 'నెవర్ బిఫోర్' సింగిల్ వెనక వైపు పడేశారు. బ్లాక్‌మోర్ ఉన్నంతకాలం స్టేజి మీద కూడా దానికి చోటు లేదు, 1972లో అతనికి ఒంట్లో బాగాలేక క్యూబెక్‌లో వేరే గిటారిస్ట్‌తో వాయించిన ఒక్క రోజు తప్ప.

1972 మార్చిలో ఆల్బమ్ వచ్చింది, బ్రిటన్‌లో నంబర్ వన్. హిట్ అవుతుందని బ్యాండ్ నమ్మింది 'నెవర్ బిఫోర్'ని, 'స్మోక్' ఏదో అల్లాటప్పా ట్రాక్ అనుకున్నారు. దాన్ని సింగిల్‌గా అమెరికాలో వదిలింది 1973 మేలో, అది నాలుగో నంబర్ దాకా వెళ్లింది, ఆలోగా గిలన్, గ్లోవర్ బ్యాండ్ వదిలిపోయే స్థితికొచ్చారు, జూన్ చివర్లో ఒసాకాలో ఆఖరి షో. వాళ్ల అతిపెద్ద పాట పైకెళ్లే రోజుల్లోనే లైనప్ విరిగిపోయింది.

ఇక రీఇష్యూలు. డెబ్భైల్లోనే నాలుగు స్పీకర్ల క్వాడ్ మిక్స్ ఒకటి వచ్చింది, కొన్నవాళ్లు తక్కువ. అసలు మలుపు 1997లో వచ్చిన ఇరవై ఐదేళ్ల ఎడిషన్, రెండు సీడీలు. ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి, చాలామంది కలిపేస్తారు. రీమాస్టర్ అంటే అప్పుడు తయారైన స్టీరియో టేపునే శుభ్రం చేసి ఇవ్వడం, రీమిక్స్ అంటే డ్రమ్స్ వేరు, గిటార్ వేరు, గొంతు వేరుగా ఉన్న టేపులకి వెళ్లి మళ్లీ కలపడం. నిన్నటి పులుసు వేడిచేసి వడ్డించడం ఒకటి, అవే ముక్కలు, అదే చింతపండు తీసుకుని మళ్లీ పులుసు పెట్టడం ఇంకొకటి. 1997లో రెండూ ఇచ్చారు, ఒక సీడీలో పాత మిక్స్ రీమాస్టర్, ఇంకోదాంట్లో గ్లోవర్ స్వయంగా చేసిన రీమిక్స్. గ్లోవర్ ఫేడ్ అవుట్‌లని, అంటే పాట చివర శబ్దం మెల్లగా తగ్గిపోయే చోట్లని, పొడిగించాడు, అంటే పాతికేళ్లుగా ఎవరూ వినని చివరి క్షణాలు బయటికొచ్చాయి, 'స్మోక్' చివర గిలన్ 'బ్రేక్ ఎ లెగ్, ఫ్రాంక్' అనడం అందులోనే వినబడుతుంది, స్టేజి ఎక్కేవాళ్లకి శుభం కోరుతూ అనే మాట అది, అక్షరాలా అర్థం మాత్రం కాలు విరగ్గొట్టుకో అని, జప్పాకి అప్పుడేం జరిగిందో తెలిసినవాళ్లకి ఆ మాట గుచ్చుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, 'బ్లైండ్ మ్యాన్' పాతికేళ్లకి ఈ ఆల్బమ్ పక్కకి చేరింది.

2012లో నలభై ఏళ్లకి నాలుగు సీడీలు, ఒక డీవీడీతో పెట్టె వచ్చింది, ఎక్కువ భాగం ఉన్నవాటినే ఒకచోట చేర్చారు. అదే ఏడు జూలైలో జాన్ లార్డ్ పోయాడు.

2024 బాక్స్‌కి రీమిక్స్ చేసింది డ్వీజిల్ జప్పా, ఫ్రాంక్ కొడుకు. తండ్రి షోలో కాలిన కసీనో వల్ల పుట్టిన పాటని యాభై ఏళ్ల తర్వాత కొడుకు చేతికిచ్చారు, ఆ ఆలోచన నాకు నచ్చింది. శబ్దం చుట్టూ, పైనుంచీ వినబడేలా చేసిన అట్మాస్ మిక్స్ ఉంది, 1972 మార్చిలో బీబీసీకి వాయించిన షో ఉంది, ఇంకా 1971 ఏప్రిల్‌లో అదే మాంట్రో కసీనోలో, అది కాలకముందు, డీప్ పర్పుల్ వాయించిన షో ఉంది. నా లెక్కలో బాక్స్‌లో అసలైన ఆస్తి అదే.

డ్వీజిల్ మిక్స్‌లో వాయిద్యాలు విడివిడిగా, పెద్దగా, ఇప్పటి రికార్డుల్లా వినబడతాయి. కానీ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని మార్షల్ ఆంప్‌లోంచి పంపేది గిటార్‌తో కలిసి ఒకే గోడలా మోగాలనే కదా, ఆ రెండింటినీ మరీ విడదీస్తే నాకు గోడ కనబడదు, ఇటుకలు కనబడతాయి. కొత్తగా వినేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, రీమిక్స్‌లు మంచివే, వినండి, కానీ మొదటిసారి మాత్రం బర్చ్ కాలంనాటి మిక్స్ పెట్టుకోండి, యాప్‌లో పేరు పక్కన రీమిక్స్ అని ఉందా రీమాస్టర్ అని ఉందా చూసి మరీ నొక్కండి. ఏడు పాటలూ అయ్యాక 'బ్లైండ్ మ్యాన్' విడిగా వెతుక్కుని వినండి.