ఫోటో 1 క్లాసు: మనవాళ్ల అపోహలు, అసలు సంగతులు

కాలిఫోర్నియాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో నేను ఫోటో 1, అంటే ఫోటోగ్రఫీ మొదటి క్లాసు, చెబుతాను. ఏటా పిల్లలు వచ్చే ఏడాది క్లాసులు ఎంచుకునే రోజులు మొదలయ్యాయంటే తెలుగు తల్లిదండ్రుల నుంచి నాకు ఫోన్లు. "సార్, మావాడు ఫోటోగ్రఫీ అంటున్నాడు. దాని బదులు ఇంకో కంప్యూటర్ క్లాసు తీసుకుంటే నయం కదా?" మధ్యలో "మీరేమీ అనుకోకండి" అని ఒక ముక్క కూడా కలుపుతారు. నేనేమీ అనుకోను. కాకపోతే విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: ఇది టైంపాస్ క్లాసు, కాలేజీ అప్లికేషన్‌కి పనికిరాదు.

వాస్తవం: యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకైనా, కాల్ స్టేట్‌కైనా (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) అప్లై చేయాలంటే ఏ నుంచి జీ దాకా ఉన్న సబ్జెక్టుల జాబితా పూర్తి కావాలి. అందులో ఎఫ్ అంటే కళలు. ఒక ఏడాది చదివి, కనీసం సీ గ్రేడు తెచ్చుకోవాలి. బ్యాండో, డ్రామానో, సిరామిక్సో, ఫోటోనో, ఏదో ఒకటి చేయక తప్పదు. మీ స్కూల్లో ఫోటో క్లాసు ఆ జాబితాలో ఉందో లేదో మాత్రం కౌన్సెలర్‌ని అడిగి చూసుకోండి. ఏపీ క్లాసులకిచ్చే అదనపు పాయింటు దీనికి రాదు, నిజమే. (ఏపీ అంటే ఇక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు. ఒకాయన ఆంధ్రప్రదేశ్ అనుకుని నాతో పావుగంట మాట్లాడారు.) అయితే ఫోటో మీద గట్టి ఇష్టం కుదిరితే తర్వాత ఏపీ టూ-డీ ఆర్ట్ అండ్ డిజైన్ ఉంది. దానికి రాత పరీక్ష లేదు. ఒకే ప్రశ్న పట్టుకుని నడిపిన పనికి 15 చిత్రాలు, విడిగా మరో ఐదు, ఇవే పరీక్ష. టైంపాస్ అనుకుని వచ్చినవాళ్లు ఆ 15 దగ్గర చతికిలబడతారు.

అపోహ: ముందు మంచి కెమెరా కొనాలి.

వాస్తవం: కొనకండి. దండం పెడతాను, కొనకండి. కాలిఫోర్నియా పబ్లిక్ స్కూల్లో క్లాసుకి కావలసిన సామాను విద్యార్థి సొంత డబ్బుతో తెచ్చుకుని తీరాలనడం చట్టానికి విరుద్ధం. స్కూలు విరాళం అడగొచ్చు, అంతే. మా బీరువాలో పెంటాక్స్ కే1000 కెమెరాలున్నాయి. 1976 నుంచి 1997 దాకా తయారైన మోడల్. బ్యాటరీ అయిపోయినా వెలుతురు కొలిచే మీటరు ఒక్కటే పడుకుంటుంది, వెలుతురుని లోపలికి వదిలే షట్టరు మాత్రం టక్కుమంటూనే ఉంటుంది.

అదీ తర్వాతి సంగతి. మొదటి నెలలో నేను చేతికిచ్చేది ఓట్స్ డబ్బా. లోపల నల్ల రంగు వేసి, పక్కన చిన్న కన్నం కోసి, దాని మీద కోక్ టిన్ను నుంచి కత్తిరించిన రేకు ముక్క అంటించి, ఆ రేకుకి కుట్టు సూదితో బెజ్జం పెడతాం. బెజ్జానికి నల్ల టేపే షట్టరు. చీకట్లో లోపల ఫోటో పేపరు పెట్టి, ఎండలోకి తీసుకెళ్లి, టేపు లేపి ఒక నిమిషం అటూ ఇటూగా ఆగి మళ్లీ మూస్తాం. లెన్సు లేదు, స్క్రీను లేదు.

నిరుడు ఒకమ్మాయి లంచ్ టైంలో బాస్కెట్‌బాల్ కోర్టుకి ఎదురుగా డబ్బా పెట్టింది. పది మంది ఆడుతున్నారు. పేపరు కడిగి చూస్తే ఒక్కడూ లేడు! కోర్టు ఖాళీ, బెంచీ మీద ఎవరిదో బ్యాగు మాత్రం స్పష్టంగా ఉంది. "సార్, డబ్బా పాడైంది" అంది. పాడవలేదమ్మా, ఆడేవాళ్లు ఒకచోట నిలబడలేదు, బ్యాగు నిలబడింది అన్నాను. అప్పుడు 1838లో, ఫోటోగ్రఫీ తొలి రోజుల్లో, డాగెర్ అనే ఫ్రెంచాయన పారిస్ వీధిని తీసిన ఫోటో చూపించాను. రద్దీ వీధే, అయినా ఎక్స్‌పోజర్ (వెలుతురు లోపల పడే సమయం) నిమిషాల కొద్దీ సాగడంతో బళ్లూ మనుషులూ మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకతను మాత్రం మిగిలాడు. షట్టర్ స్పీడ్, అంటే షట్టరు ఎంతసేపు తెరిచి ఉంటుందన్న సంగతి గురించి ఆ అమ్మాయికి నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

అపోహ: ఫోన్ల కాలంలో డార్క్‌రూమ్ ఎందుకు? చాదస్తం.

వాస్తవం: చాదస్తం కొంచెం ఉంది, ఒప్పుకుంటాను. డిజిటల్‌గా మాత్రమే నడిచే మంచి ఫోటో క్లాసులూ ఉన్నాయి. కానీ మన ఊళ్లలో ఒకప్పుడు "రీలు కడిగించాం" అనేవాళ్లు చూడండి, ఆ కడగడంలో ఒక సుగుణం ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో అది దాచిపెట్టదు.

డార్క్‌రూమ్‌లో, అంటే ఫోటోలు కడిగే చీకటి గదిలో, ఎర్ర లైటు వెలుగుతుంటుంది. మేం వాడే బ్లాక్ అండ్ వైట్ పేపరుకి ఎరుపు కనబడదు. పిల్లవాడు డెవలపర్ (బొమ్మ తేల్చే రసాయనం) ట్రేలో తెల్ల కాగితం వేసి మెల్లగా ఊపుతుంటాడు. పావు నిమిషం తిరిగేసరికి కనుబొమ్మలు, జుట్టు, తర్వాత మొహం. పూర్తిగా కడగాలంటే నిమిషంన్నర ఆగాలి. కానీ ఆ ఎర్ర వెలుగులో ఫోటో ఉన్నదానికంటే నల్లగా కనబడుతుంది. వీడికి టెన్షన్. "మాడిపోతోంది సార్!" అంటూ పటకారుతో నలభయ్యో సెకనులోనే లాగేస్తాడు. బయట వెలుతురులోకి తెచ్చి చూస్తే బురద నీళ్లలో ముంచినట్టు ఉంటుంది. నలుపు నలుపుగా లేదు, తెలుపు తెలుపుగా లేదు. ఫోటో మరీ నల్లగా వస్తుంటే తగ్గించాల్సింది ఎన్‌లార్జర్ (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి పేపరు మీద పడేలా చేసే యంత్రం) కింద ఇచ్చిన వెలుతురుని, ట్రేలో టైముని కాదు. ఈ మాట మొదటి రోజే బోర్డు మీద రాస్తాను. అయినా అందరూ ఒకసారి లాగుతారు.

అపోహ: కెమెరా ఆటోలో పెడితే తప్పు జరగదు.

వాస్తవం: కెమెరా మీటరుకి ఎదురుగా ఏముందో తెలియదు. ఫ్రేమంతా తెలుపే ఉన్నా, నలుపే ఉన్నా, సగటున మధ్యరకం బూడిద రంగు అనుకునే లెక్క కడుతుంది. తెల్ల చార్టు, నల్ల టీషర్టు విడివిడిగా ఫ్రేము నిండా పెట్టి, మీటరు చెప్పినట్టే తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి. టాహో కొండల్లోకి వెళ్లినప్పుడు మీరు తీసిన మంచు మాసిన దుప్పటిలా ఉందంటే కారణం ఇదే. మంచుకి ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇవ్వండి (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). అలాగని మాన్యువల్‌లో తీస్తేనే ఫోటోగ్రాఫర్ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మీటరు ఎక్కడ పొరబడుతుందో తెలిసినవాడు ఆటోలో కూడా బాగానే తీస్తాడు.

అపోహ: ఎడిటింగ్ అంటే మోసం.

వాస్తవం: ఎన్‌లార్జర్ కింద చెయ్యి అడ్డంపెట్టి ఒక మూలకి వెలుతురు తగ్గించడం కూడా ఎడిటింగే. అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొతియా లాంగ్ 1936లో తీసిన ప్రసిద్ధ వలస తల్లి ఫోటోలో గుడారపు కర్రని పట్టుకున్న బొటనవేలిని తర్వాత నెగటివ్‌లో చెరిపించారు. అది తప్పా ఒప్పా అని మా క్లాసులో ఏటా పోట్లాటే. నా మటుకు నాకు పత్రికలో వేసే ఫోటోలో వేలు చెరపకూడదు. మీ గోడకి తగిలించుకునేదైతే మీ ఇష్టం.

అపోహ (ఇది పిల్లలది): మా ఇంట్లో ఫోటో తీయడానికేముంది?

"కిటికీ వెలుతురు" అని అసైన్‌మెంట్ ఇస్తే ఒక తెలుగు అబ్బాయి రెండు వారాలు ఏమీ తేలేదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగిన రోజు మాత్రం గుమ్మం లోపల పడున్న చెప్పుల గుట్ట ఫోటో తీసుకొచ్చాడు. నలభై జతలుంటాయి. మొదట మధ్యాహ్నం తీశాడు, అన్నీ చదునుగా చాపలా ఉన్నాయి. సాయంత్రం అయిదింటికి పక్క కిటికీ నుంచి ఎండ వాలుగా పడ్డప్పుడు మళ్లీ తీశాడు. ఒక్కో చెప్పుకీ నీడ వచ్చింది, అరిగిన మడమలు బయటపడ్డాయి. క్లాసులో ఎవరికీ వ్రతమంటే తెలియదు. ఏ జత ఎవరిదో, ఎవరు తొందరలో విడిచారో, ఎవరు పక్కకి జాగ్రత్తగా పెట్టారో అని ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. వాడు అయిదుసార్లు ప్రింటు వేశాడు. నాలుగో దాకా హవాయి చెప్పు పట్టీ నీడలో కలిసిపోయి కనబడలేదు.

అయిదోది స్కూలు ప్రదర్శనలో పెట్టాం. వాళ్లమ్మగారు చూసి వెళ్లి మర్నాడు ఫోన్ చేశారు. "బాగుంది సార్. కానీ కాస్త ఆ చెప్పులు సర్దాక తీయమని చెప్పాల్సింది."