ముప్పై శాతం పంపింగ్ వెనుక తొంభై ఏళ్ల వెతుకులాట

గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే టూడీ ఎకో రిపోర్టు చేతికి రాగానే ఇంట్లోవాళ్లు ముందుగా వెతికేది ఒక్క అంకె కోసమే. "పంపింగ్ ఎంతుంది?" ముప్పై అని తెలిస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. చాలామంది దాన్ని వందకు వచ్చిన ముప్పై మార్కుల్లా చూస్తారు. కానీ ఏ జబ్బూ లేని గుండె కూడా వంద చూపించదు. ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు 55 నుంచి 70 శాతం బయటికి వెళ్తే అది మామూలే. కాబట్టి "గుండె ముప్పై శాతమే పనిచేస్తోందట" అనుకోవడంలోనే ఒక పొరపాటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ అంకె మనిషి బల్లమీద ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పటిది. మెట్లెక్కేటప్పుడు, నీళ్ల బిందె ఎత్తేటప్పుడు, జ్వరం కాసినప్పుడు అదే గుండె ఇంకెంత ఇవ్వగలదో అది చెప్పదు. విశ్రాంతిలో పెద్దవాళ్ల గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. ఒళ్లు దాచుకోకుండా శ్రమపడితే ఆరోగ్యవంతులలో అది 20 లీటర్ల దాకా పోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడానే రిజర్వ్. అంటే అవసరానికి పనికొచ్చే నిల్వ బలం. గుండె రక్తనాళాల్లో బ్లాకులున్నవారిలో ఈ నిల్వను ఎలా కొలవాలి, కొలిచాక ఏం చేయాలి అనే రెండు ప్రశ్నల చుట్టూ దాదాపు తొంభై ఏళ్ల కథ ఉంది. రెండో ప్రశ్నకు వైద్యులు ఖాయమనుకున్న జవాబు ఈ పదిహేనేళ్లలోనే తారుమారైంది.

మొదటి పరికరం రెండు చెక్క మెట్లు. 1929లో న్యూయార్క్ వైద్యుడు ఆర్థర్ మాస్టర్, ఓపెన్‌హైమర్ అనే సహచరుడితో కలిసి, రోగిని ఆ మెట్లెక్కించి దించి నాడి, రక్తపోటు చూసే పద్ధతి చెప్పాడు. తర్వాత 1963లో సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ ట్రెడ్‌మిల్ మీద మూడేసి నిమిషాలకోసారి వేగం, ఏటవాలు పెంచే క్రమం తయారుచేశాడు. మన ఊళ్లలో టీఎంటీ అని పిలిచే పరీక్షలో నేటికీ ఎక్కువగా నడిచేది ఆ క్రమమే. అయితే టీఎంటీ చూసేది ఈసీజీ గీతల్ని, మనిషి ఓపికని. గుండె గోడ ఎక్కడ బాగా కదులుతోంది, ఎక్కడ మొరాయిస్తోంది అన్నది అందులో కనబడదు.

గోడ కదలిక గురించిన అసలు పాఠం 1935లో అమెరికాలోనే క్లీవ్‌లాండ్‌లో దొరికింది. రాబర్ట్ టెనెంట్, కార్ల్ విగర్స్ కుక్క గుండెలో ఒక రక్తనాళాన్ని మూసేసి చూశారు. నిమిషం తిరగకముందే ఆ నాళం మీద ఆధారపడిన కండరం ముడుచుకోవడం మానేసింది. మిగతా గుండె ముడుచుకుంటుంటే ఆ భాగం బయటికి ఉబ్బింది. రక్తం ఆగితే కండరం ఆగుతుంది, ఇది నిజం. కానీ దీన్ని తిరగేసి, కదలని కండరమంటే చచ్చిపోయిన కండరమేనని, గుండెపోటు మిగిల్చిన మచ్చేనని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆ నమ్మకం వల్ల బాగుపడగలిగిన ఎందరి గుండెలను వదిలేసుకున్నారో అనిపిస్తుంది నాకు.

ఆ నమ్మకాన్ని కదిలించింది ఆపరేషన్ బల్ల. 1967లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రెనే ఫావలోరో కాలి సిరను వాడి బైపాస్ సర్జరీకి దారి వేశాక, ఆ ఆపరేషన్ వేగంగా వ్యాపించింది. అప్పుడు ఎవరూ ఊహించనిది కనిపించింది. ఆపరేషన్‌కు ముందు రాయిలా ఉన్న గోడలు కొందరిలో తర్వాత కదలడం మొదలుపెట్టాయి. చచ్చిన కండరం లేచి రాదు కదా! అంటే అది చావలేదు.

మరి కోత పెట్టకముందే ఆ సంగతి తెలిసేదెలా? 1970లలో క్యాథ్ ల్యాబుల్లో, అంటే రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గుండెను చూసే గదుల్లో, వైద్యులు చేసిన ప్రయత్నాలు ముచ్చటైనవి. నైట్రోగ్లిజరిన్ ఇచ్చి గుండె మీద భారం తగ్గించి చూశారు. ఎపినెఫ్రిన్ ఇచ్చి తరిమి చూశారు. ఇంకొందరు గొట్టం కొసతో గుండెను తాకి, సమయం కాని సమయంలో ఒక అదనపు స్పందన పుట్టించారు. దాని తర్వాత గుండె కాసేపు ఆగి, మరుసటి స్పందన మామూలుకన్నా బలంగా కొడుతుంది. ఆ ఒక్క స్పందనలో మొండి గోడ కాస్తయినా లోపలికి వస్తే అందులో ప్రాణముందన్నట్టే. పడుకున్న మనిషిని గట్టిగా ఒక్కసారి తట్టి చూడడం లాంటిది.

ఇలా చావకుండా మొండికేసిన కండరానికి హైబర్నేటింగ్, అంటే నిద్రపోతున్న కండరం అనే పేరు, అర్థం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు షాబుద్దీన్ రహీంతుల్లా. బొంబాయిలో పుట్టి, కరాచీలో వైద్యం చదివి, అమెరికాలో స్థిరపడ్డాడు. చాలాకాలంగా రక్తం చాలని కండరం చావకుండా తన పనిని తగ్గించుకుని బతుకుతుందని, సరఫరా పెరిగితే మళ్లీ లేస్తుందని 1980ల మధ్యలో ఆయన వాదించాడు. జంతువులు చలికాలమంతా నిద్రపోవడంతో దాన్ని పోల్చాడు. మనకైతే కరువు ఏడాది పోలిక దగ్గరగా ఉంటుంది. వాన పడని ఏడు ఒంటిపూట తిండితో, ఉన్న గింజలతో నెట్టుకొచ్చే ఇల్లు పాడుబడిన ఇల్లు కాదు. అంతకుముందే, 1982లో, యూజీన్ బ్రౌన్‌వాల్డ్, రాబర్ట్ క్లోనర్ ఇంకో స్థితిని వివరించారు. కాసేపు మూసుకుపోయి తెరుచుకున్న నాళం వెనుక కండరం కొన్ని గంటలో రోజులో దిమ్మెరపోయి ఉంటుందని.

నిల్వను తట్టి లేపడానికి సరైన మందు అప్పటికే సిద్ధంగా ఉంది. ఎలీ లిల్లీ కంపెనీలో రొనాల్డ్ టటల్, జాక్ మిల్స్ తయారుచేసిన డోబుటమిన్ గురించి 1975లో ప్రచురించారు. గుండె వేగాన్ని మరీ పెంచకుండా బలాన్ని పెంచాలన్నది వాళ్ల ఉద్దేశం. చూడడానికి ఎకో ఉంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్, హెల్‌ముట్ హెర్ట్జ్ లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని గుండె మీద పెట్టి మొదలుపెట్టిన విద్య అది. 1980ల రెండో సగంలో ఈ రెండూ కలిసి డోబుటమిన్ స్ట్రెస్ ఎకో అయ్యాయి.

పరీక్ష తీరు ఇది. సెలైన్ దారిలో కిలో బరువుకు నిమిషానికి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, మెట్లు మెట్లుగా 40 దాకా పెంచుతారు. రోగికి గుండె దడదడలాడుతుంది, కొందరికి భయం వేస్తుంది. పక్కనే డాక్టరు ఉండి, నొప్పి వచ్చినా లయ తప్పినా ఆపేస్తారు. ఎడమ కింది గదిని 16 లేదా 17 భాగాలుగా విడదీసి ఒక్కోదాన్ని చూస్తారు. కొద్ది మోతాదులో కదలిక వచ్చి, మోతాదు పెరిగాక మళ్లీ తగ్గిపోయిన భాగం అన్నిటికన్నా విలువైన కబురు చెబుతుంది. ప్రాణం ఉంది, కానీ రక్తం చాలడం లేదు. ఎంత తట్టినా కదలనిదాంట్లో మచ్చే ఎక్కువ అని తీసుకుంటారు. తర్వాత కండరం చక్కెరను వాడుకుంటోందా అని చూసే పెట్ స్కాన్, మచ్చను తెల్లగా చూపించే ఎమ్మారై కూడా వచ్చాయి.

అందరూ గోడ ముక్కల్ని చూస్తుంటే బ్రిటన్‌లో లిప్-బన్ టాన్ అనే వైద్యుడు మొత్తం పంపునే కొలవాలన్నాడు. రక్తపోటును, నిమిషానికి పంపే రక్తాన్ని కలిపి లెక్కిస్తే విశ్రాంతిలో గుండె శక్తి సుమారు 1 వాట్. మందుతో పూర్తిగా తరిమినప్పుడు అది ఎంతదాకా పెరిగిందన్నదే రోగి భవిష్యత్తును బాగా చెబుతుందని, విశ్రాంతి కొలతలు అంత బాగా చెప్పవని 1986లో ఆయన చూపించాడు. ఈ ఆలోచనకు రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

ఇక రెండో ప్రశ్న. బతికున్న కండరం కనబడింది, బ్లాకు తెరిస్తే మనిషి ఎక్కువకాలం బతుకుతాడా? 2002లో 24 అధ్యయనాలను, 3,088 మంది రోగులను కలిపి చూసిన లెక్క అవుననే చెప్పింది. ప్రాణమున్న కండరం ఉన్నవారిలో మందులతో సరిపెట్టినవారు ఏడాదికి 16 శాతం చనిపోతే, బైపాస్ లేదా స్టెంట్ అయినవారిలో అది 3.2 శాతమే. కానీ ఎవరికి ఏ వైద్యం అన్నది అక్కడ చీటీ తీసి నిర్ణయించలేదు. కాస్త తట్టుకోగలవారినే ఆపరేషన్‌కు ఎంచుకుని ఉంటారన్న అనుమానం పోలేదు.

ఎవరికి ఏ వైద్యమో అలా చీటీ తీసి నిర్ణయించిన అధ్యయనం పేరు స్టిచ్. భారత్‌తో సహా 22 దేశాల్లో, పంపింగ్ 35 శాతం లేదా అంతకన్నా తక్కువున్న 1,212 మందిని చేర్చుకున్నారు. పదేళ్లలో మందులు మాత్రమే తీసుకున్నవారిలో 66.1 శాతం, బైపాస్ కూడా చేయించుకున్నవారిలో 58.9 శాతం చనిపోయారు. అంటే బైపాస్ మేలు చేసింది. అయితే అందులో 601 మందికి కండరంలో ప్రాణముందో లేదో చూసిన పరీక్షల ఫలితం 2011లో వచ్చినప్పుడు చాలామంది నిర్ఘాంతపోయారు. బతికున్న కండరం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఎవరికి ఆపరేషన్ లాభమో తేలలేదు. ఆ పరీక్షలు అందరికీ చేయలేదు, ప్రాణం లేదని తేలినవారు 114 మందే. కాబట్టి వాదన ఆగలేదు.

2022లో బ్రిటన్ నుంచి వచ్చిన, చీటీ తీసిన ఇంకో అధ్యయనం రివైవ్డ్ స్టెంట్ల విషయంలో ఇంకా సూటిగా మాట్లాడింది. బతికున్న కండరం ఉందని ముందే చూసి 700 మందిని తీసుకున్నారు. మంచి మందులకు తోడు స్టెంట్లు వేసినవారిలో 37.2 శాతం, మందులు మాత్రమే ఇచ్చినవారిలో 38 శాతం చనిపోవడమో గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడమో జరిగింది. ఏడాది తిరిగేసరికి పంపింగ్‌లోనూ రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే అధ్యయనంలో తర్వాత ఇంకొంచెం తవ్వితే, నిద్రపోతున్న కండరం ఎంతుందన్నదానికన్నా మచ్చ ఎంతుందన్నదే రోగి గతిని ఎక్కువగా చెప్పింది. ఇప్పుడు పరిశోధకుల చూపు అటు తిరిగింది. బల్లమీద పడుకుని తీసుకున్న ఆ ముప్పై శాతం రిపోర్టులో మచ్చ ఎంత, నిల్వ ఎంత అన్న రెండు సంగతులూ లేవు.