కరెంటు ఉన్నా లైటు ఎందుకు ఆరలేదు?

చిరంజీవులైన పిల్లలకు, దేవరకొండ నుంచి తాత ఆశీర్వదించి రాయునది.

మీలో ఆరో తరగతి చదివే ఒక పాప నాకు ఇట్లా రాసింది: "తాతా, మా ఇంట్లో ఫోన్‌లో నొక్కితే వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిపోయే లైటు ఉంది. మొన్న రాత్రి కరెంటు ఉంది, ఫోన్ ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఆరలేదు. నెట్ పోయిందని నాన్న అన్నాడు. లైటుకు నెట్ ఎందుకు?"

గోడకున్న మామూలు స్విచ్ చేసే పని ఒక్కటే. తీగను కలుపుతుంది, లేదా విడదీస్తుంది. ఫోన్‌తో నడిచే లైట్లలో చాలావాటి దారి అట్లా ఉండదు. మీరు నొక్కిన మాట ముందుగా ఇంట్లోని వైఫై పెట్టెకు, అక్కడి నుంచి ఆ లైటును చేసిన కంపెనీ వారి కంప్యూటరుకు పోతుంది. ఆ కంప్యూటర్ ఏ దేశంలో ఉందో మీకూ తెలియదు, మీ నాన్నకూ తెలియదు. అక్కడ మీరెవరో, ఈ లైటు మీదేనో కాదో చూసుకున్న తర్వాత ఆ మాట మళ్లీ మీ ఇంటి వైఫై పెట్టెకు వచ్చి, చివరికి రెండడుగుల దూరంలో ఉన్న బల్బును చేరుతుంది. బల్బులో గోరంత చిప్పు, అందులో మరో ప్రోగ్రాము ఉంటాయి. ఇన్ని మజిలీలలో ఏ ఒక్కటి చెడినా లైటు మీ మాట వినదు.

నా చిన్నతనంలో మా పొలానికి నీళ్లు మోటతో వచ్చేవి. మీరు మోటను చూసి ఉండరు కాబట్టి వివరంగా చెబుతాను. బావి ఒడ్డున గిరక, దాని మీదుగా మోకు, మోకు చివర పెద్ద బొక్కెన, బొక్కెన అడుగున తోలు తొండం ఉండేవి. ఎద్దులు వాలు దారిలో కిందికి నడుస్తుంటే బొక్కెన పైకి లేచేది. అది ఒడ్డుకు చేరేదాకా తొండాన్ని మరో సన్నని తాడు పైకి మడిచి పట్టుకునేది. ఒడ్డుకు రాగానే తొండం తనంతట తానే తొట్టిలోకి వంగి, నీళ్లన్నీ గుమ్మరించేది. మనిషి చెయ్యి వేయవలసిన పనే లేదు. ఎద్దులు దిగేటప్పుడు మా నాయన మోకు మీద కూర్చునేవాడు. అప్పుడప్పుడు నన్నూ ముందు కూర్చోబెట్టుకునేవాడు. ఆ ఊపు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. గిరక కిర్రుమంటే చాలు, గట్టు మీద పడుకున్న నాయన కళ్లు తెరవకుండానే ఇరుసుకు ఆముదం పెట్టమనేవాడు. తొండం చిరిగితే నీళ్లు కారే చోటే చిరుగును చూపేది. వడ్లాయన, అంటే వడ్రంగి, పొద్దుగూకేలోపు గిరకను బాగు చేసేవాడు.

ఇప్పుడు ఆ మోట నీళ్లు నేరుగా మా మడిలోకి పోకుండా, ముందు ఎక్కడో పరాయి ఊరి తొట్టికి పోయి, అక్కడ లెక్క రాయించుకుని, మళ్లీ కాలువ వెంట మా పొలానికి రావాలని ఎవరో ఏర్పాటు చేశారనుకోండి. నడుమ కాలువకు గండి పడితే బావి నిండా నీళ్లున్నా, ఎద్దులు సిద్ధంగా ఉన్నా మా మడి ఎండుతుంది. గండి ఎక్కడ పడిందో మా నాయనకు కనిపించదు, దాన్ని పూడ్చే హక్కూ ఆయనకు ఉండదు. ఆ పరాయి ఊరివారు ఒకనాడు తొట్టినే తీసేస్తే ఏం చేయాలి?

నిజంగానే తీసేశారు. రివాల్వ్ అనే చిన్న పెట్టె ఇంట్లోని లైట్లను, తాళాలను ఒకచోట నడిపేది. అమెరికాలో జనం దానిని సుమారు 300 డాలర్లు పెట్టి కొన్నారు. దాన్ని చేసిన కంపెనీని కొన్న నెస్ట్ అనే మరో కంపెనీ వారు 2016 మే 15న దాని సేవను ఆపేశారు. పెట్టెలో ఏ వస్తువూ విరగలేదు, కాలలేదు, అయినా అది పనికిరాకుండా పోయింది. అదే సంవత్సరం జనవరిలో, గట్టి చలికాలంలో, ఇంటి వేడిని అదుపు చేసే నెస్ట్ వారి థర్మోస్టాట్ అనే పరికరాలలోకి పంపిన కొత్త ప్రోగ్రాములోని తప్పు వల్ల వాటి బ్యాటరీలు దిగిపోయి ఎన్నో ఇళ్లు చల్లబడ్డాయి. అక్టోబరులో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము, కొన్ననాటి పాస్‌వర్డ్‌ను మార్చని కెమెరాలలో, రికార్డర్లలో దూరి, ఇంటివారికి తెలియకుండానే వాటన్నిటినీ ఒక్కసారిగా ఇంటర్నెట్ మీదికి తోలింది. ఆ రోజు అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. ప్రోగ్రాము ఎంత పెరిగితే అందులో తప్పులు దాగడానికి అంత చోటు దొరుకుతుంది.

దీన్ని చదివి కొత్త వస్తువులన్నీ చెడ్డవనుకోకండి. మంచం దిగలేని ముసలివారికి నోటితో చెబితే వెలిగే లైటు ఎంతో మేలు. మన రైతులు బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకుంటున్నారు. ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటారు నడుస్తుంది, చీకట్లో పాముల నడుమ పొలానికి పోవలసిన పని తప్పుతుంది. దాని పక్కనే పాత స్టార్టర్ డబ్బా, ఆకుపచ్చ బటను, ఎర్ర బటను ఉంటాయి. ఫోన్ పని చేయకపోతే చేతితో నొక్కవచ్చు. వస్తువును చేసేవారికి ఈ బుద్ధి ఉండాలని నా గట్టి అభిప్రాయం. మీలో ఎవరైనా రేపు ఇంజనీరైతే ఆ రెండు బటన్లను తీసేయకండి.

ఇంట్లో పాత టీవీ రిమోట్ ఉంటే దాని ముక్కున ఉన్న చిన్న గాజు బుడిపెను ఫోన్‌లోని సెల్ఫీ కెమెరాకు చూపిస్తూ ఒక బటను నొక్కండి. మీ కంటికి కనిపించని వెలుగు తెర మీద ఊదారంగులో మిణుకుమంటుంది. ఆ వెలుగు ఎవరి అనుమతీ అడగకుండా నేరుగా టీవీతో మాట్లాడుతుంది. సెకనుకు సుమారు 38 వేలసార్లు ఆరి వెలుగుతూ మాట్లాడుతుందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ తర్వాత అమ్మనో నాన్ననో అడిగి, ఒక సాయంత్రం పది నిమిషాలు వైఫై పెట్టెను ఆపేయించండి. కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లంతా తిరిగి ఏది పనిచేస్తుందో, ఏది మానేసిందో రాసుకోండి. మానేసిన ప్రతి వస్తువు పక్కన, దానిని చేతితో నడిపే దారి ఉందో లేదో కూడా రాసి నాకు పంపండి.

మీ తాత