వేడెక్కాక ఆగిపోయే ఇంజన్

'మా నైట్రో కారు (నైట్రోమీథేన్ కలిపిన మిథనాల్ ఇంధనంతో, రిమోట్‌తో నడిచే చిన్న మోడల్ కారు) చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే స్టార్ట్ అవుతుంది. కాసేపు నడిచాక ఐడిల్‌కి (థ్రాటిల్ వదిలినప్పుడు తిరిగే కనీస వేగానికి) రాగానే ఆగిపోతోంది. పిస్టన్ పోయిందా?' అని ఒక పాఠకుడు అడిగారు. ట్యూనింగ్ సరిగ్గా ఉంటే, ముందుగా అనుమానించాల్సింది దాన్నే.

ఈ బుల్లి ఇంజన్లలో చాలావాటికి పిస్టన్ రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, అది కదిలే ఇత్తడి గొట్టం, అంటే లోపల క్రోమ్ పూత ఉన్న స్లీవ్, అంతే. మరి గ్యాస్ ఎందుకు కారిపోదు? ఎందుకంటే స్లీవ్ పైకి వెళ్ళేకొద్దీ కాస్త సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పై చివరికి రాగానే పట్టేస్తుంది. ఆ పట్టునే పించ్ అంటారు.

ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు ఎర్రగా కాల్చి తొడుగుతారు, నీళ్ళు పోయగానే బిగుస్తుంది. స్లీవ్ కూడా వేడెక్కినప్పుడల్లా సాగుతుంది, చల్లారితే బిగుస్తుంది. 16 మి.మీ. స్లీవ్ 100 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.03 మి.మీ. పెరుగుతుంది. మంట పక్కనే ఉన్న పైభాగం ఎక్కువ సాగుతుంది. కింది భాగాన్ని లోపలికొచ్చే ఇంధనం చల్లబరుస్తుంది. అలా ఏటవాలు గోడలు కాస్తా నిటారుగా అవుతాయి! పిస్టన్ ఇంకా వేడిగా ఉంటుంది కదా, ఇరుక్కోదా? అందుకే దాని అల్యూమినియంలో సిలికాన్ దండిగా కలుపుతారు, వ్యాకోచం తగ్గుతుంది. బడిలో వ్యాకోచం పాఠం చెప్పేటప్పుడు ఈ జత పిల్లల చేతికిస్తే ఎంత బాగుంటుందో!

పించ్ అరిగి పిస్టన్‌కీ స్లీవ్‌కీ మధ్య సందు ఏర్పడినా, చల్లగా ఉన్నప్పుడు చిక్కటి నూనె ఆ సందును మూస్తుంది. వేడెక్కితే సందు పెరుగుతుంది, నూనె పలచబడుతుంది. వేగంలో గ్యాస్‌కి తప్పించుకునే వ్యవధి ఉండదు. ఐడిల్‌లో ఉంటుంది, అందుకే అక్కడే ఆగుతుంది.

చల్లారాక గ్లో ప్లగ్ (ఇంధనాన్ని మండించే, లోపల సన్నటి తీగ ఉన్న ప్లగ్) తీసి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి. పై చివర్లో ఏ పట్టూ తగలకపోతే పించ్ పోయినట్టే. కొత్త ఇంజన్ అక్కడ ఇరుక్కుంటే మాత్రం ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్‌తో పొడవకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి.

ఇప్పుడు పిస్టన్ బయటికి తీసి వెలుతురులో చూడండి. ఎగ్జాస్ట్ వైపు మాత్రమే నిలువు గీతలుంటే ఇంధనం తక్కువైంది. నూనె కూడా ఇంధనంతోనే వస్తుంది, చాలా మిశ్రమాల్లో అందులో మన ఆముదం కూడా ఉంటుంది. పైగా మిథనాల్ ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. ఇంధనం పాళ్ళు సరిచేసే మర, అంటే నీడిల్, మరీ బిగిస్తే ఆ రెండూ ఒకేసారి తగ్గుతాయి. చుట్టూ సన్నటి గీతలు పడి మెరుపు పోతే దుమ్ము, ఎయిర్ ఫిల్టర్ చూడండి. పిస్టన్ నెత్తిమీద ఇసుక చల్లినట్టు గుంటలుంటే డిటోనేషన్ (ఇంధనం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం), లేదా ప్లగ్ తీగ తెగి లోపల నలిగింది. నైట్రో శాతం ఎంత పెంచితే అంత స్పీడ్ అన్న నమ్మకం చాలామందిలో ఉంది. కంప్రెషన్ తగ్గించకుండా పెంచితే వచ్చేవి ఈ గుంటలే.

పిస్టన్ ఒక్కటే మార్చకండి. స్లీవ్‌తో జతగా నూరి తయారు చేస్తారు కాబట్టి రెండూ కలిపే కొనాలి. కనెక్టింగ్ రాడ్ కింది రంధ్రం వదులైందేమో కూడా అప్పుడే చూసుకోండి.