ర్యాంకే గెలుపు ఎప్పుడైంది?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో తప్పులు దొర్లాయని ప్రభుత్వం వేసిన కమిటీయే తర్వాత చెప్పింది. తప్పులను సరిదిద్దొచ్చు. కానీ ఇంకా పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్లలకు ఒక మార్కుల మెమోయే బతుకంతా ఎందుకైందన్న ప్రశ్న మిగిలే ఉంది.

మన సంస్కృతే అంత, మొదటి నుంచీ చదువంటే ప్రాణం అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు రాజసభలో కనకాభిషేకం చేయించుకున్నాడు. ఇంచుమించు అదే కాలపు పోతన భాగవతాన్ని రాజులకు ఇవ్వకుండా దేవుడికే అంకితమిచ్చి, సేద్యం చేసుకుని బతికాడని చెప్పుకుంటాం. తరతరాలుగా ఇద్దరి కథా పిల్లలకు చెబుతూనే వచ్చాం. పోతన ఓడిపోయాడని ఎవరూ అనలేదు.

గెలుపుకు ఇప్పుడున్న కొలత చాలా తర్వాత వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలో భూమి ఉన్న రైతుల చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ మిగులు మెల్లగా పిల్లల చదువుల వైపు మళ్లింది. కులాల పేరుతో హాస్టళ్లు వెలిశాయి. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లోనే మొదలైంది. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అవి కూడూ గూడూ ఇచ్చాయి, అది చిన్న మేలు కాదు. దాంతో పాటే ఒక కుర్రాడి పరీక్ష అతని కులం మొత్తానికి పరువు సమస్య అయింది.

భూమి లేనివాళ్ల దారి వేరు. కరువు కాలంలో, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. బడి గడప తొక్కనివ్వని సమాజంలో బైబిల్ చదవగలగడం, తర్వాతి తరాల్లో టీచరో నర్సో కావడం వాళ్లకు గెలుపు. తలెత్తుకుని నడవడం కోసం చదివిన చదువది. మన చరిత్రలో చదువుకు ఇంతకన్నా గొప్ప అర్థం నాకు కనిపించదు.

ర్యాంకు మాత్రం నిన్నమొన్నటిది. ఇంజనీరింగ్ సీటు కోసం డొనేషన్ కట్టి కర్ణాటక వెళ్లే రోజుల్లో, 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. డబ్బు కాకుండా ప్రతిభే చూడాలన్నది మంచి ఆలోచనే. కానీ ప్రతిభ అంటే ఒక అంకె అయింది, ఆ అంకె కోసం రెసిడెన్షియల్ కాలేజీలు పుట్టాయి. 2001 నుంచి మూడేళ్ల పాటు అమెరికా హెచ్1బి వీసాల పరిమితిని ఏడాదికి 1,95,000కి పెంచినప్పుడు ఆ అంకెకు డాలర్ల విలువ కూడా తోడైంది.

దేవుడి దగ్గర కోరే కోరికా మారింది. పంట, సంతానం, ఆరోగ్యం కోసం మొక్కుకున్న చేతులే వీసా కోసం మొక్కడం మొదలుపెట్టాయి. గండిపేట దగ్గరి చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి కోరుకోవడం, తీరాక 108 చేయడం ఆచారం. అక్కడ హుండీ లేదు. ఆ స్వామికి జనం పెట్టుకున్న పేరు వీసా బాలాజీ. ఈ భక్తిని నేను తేలిక చేయను, అందులో ఉన్నది తల్లిదండ్రుల భయం. అయితే కొడుకు చదువు కోసం అమ్మ మొక్కుకుంటుంది, నాన్న పొలం తాకట్టు పెడతాడు, అక్క పెళ్లి వాయిదా పడుతుంది. అన్నీ ఆ ఒక్క పరీక్ష మీదే ఆధారపడతాయి. ఫెయిలైన సబ్జెక్టుకు సప్లిమెంటరీ ఉందన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఫలితాలు వచ్చిన రోజున ఆ మాట పిల్లాడితో ముందుగా అనేవాళ్లే ఉండటం లేదు.