చుండ్రుకు నూనె పట్టించే ముందు

తలలో పొట్టు రాలితే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ఒకటే: "మాడు ఎండిపోయింది, కాస్త నూనె పెట్టు." మా అమ్మ కూడా కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి ఎంతో ప్రేమగా మర్దనా చేసేది, రెండు రోజులు పొట్టు నూనెకు అంటుకుపోయి తగ్గినట్టే కనిపించేది, ఆ తర్వాత దురదతో సహా మళ్లీ మొదలు.

నిజానికి చుండ్రు గానీ, అదే ముదిరితే వచ్చే సెబోరిక్ డెర్మటైటిస్ గానీ చర్మం ఎండిపోవడం వల్ల వచ్చేవి కావు. ఎక్కడెక్కడ వస్తుందో చూడండి: మాడు, కనుబొమలు, ముక్కు పక్క మడతలు, చెవుల వెనక, ఛాతీ మధ్యలో. అన్నీ జిడ్డు ఊరే చోట్లే. మలస్సీజియా అనే ఈస్ట్ (కంటికి కనిపించనంత చిన్న శిలీంధ్రం) ఉండేదీ అక్కడే. 1874లో చర్మపు పొట్టులో దీన్ని చూసి వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ మలస్సే పేరే దానికి పెట్టారు. ఇది దాదాపు అందరి చర్మం మీదా ఉంటుంది. కాబట్టి ఒకరి దువ్వెన నుంచి ఇంకొకరికి అంటిన రోగం కాదిది, శుభ్రత లేక వచ్చింది అసలే కాదు. దయచేసి ఆ మాట అని ఎవరినీ బాధపెట్టకండి.

ఈ ఈస్ట్‌కు ఒక వింత లోపం ఉంది. కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు, అందుకు కావలసిన జన్యువే దానికి లేదని 2007లో దాని జన్యుక్రమం చదివినప్పుడు తేలింది. ల్యాబ్‌లో పెంచాలన్నా ఆలివ్ నూనె లాంటిదేదో పోయాల్సిందే! మన ఒంటి మీదైతే లైపేజ్ అనే ఎంజైములతో చర్మపు జిడ్డును విడగొట్టి, తనకు పనికొచ్చే సంతృప్త కొవ్వు ఆమ్లాలను తినేసి, ఒలీయిక్ ఆమ్లం లాంటివి వదిలేస్తుంది. ఆ మిగులే కొందరి చర్మంలోకి దిగి మంట పుట్టిస్తుంది, కణాలు హడావుడిగా పుట్టి పొట్టుగా రాలతాయి. అందరికీ ఎందుకు రాదు మరి? ఈస్ట్‌తో పనిలేకుండా ఒట్టి ఒలీయిక్ ఆమ్లమే మాడుకు రాసి చూస్తే, చుండ్రు వచ్చే తత్వం ఉన్నవాళ్లకే పొట్టు లేచింది, మిగతావాళ్లకు ఏమీ కాలేదు. అంటే సగం కథ ఈస్ట్‌ది, సగం మన చర్మానిది.

మన రంగు చర్మం మీద ఇది ఎర్రగా కాక పాలిపోయిన మచ్చల్లా కనిపించవచ్చు. బొల్లి అనుకుని టెన్షన్ పడి, మెడికల్ షాపులో స్టెరాయిడ్ క్రీమ్ కొనుక్కుని నెలల తరబడి ముఖానికి రాసేవాళ్లున్నారు, దానివల్ల చర్మం పలచబడిపోతుంది. ముందు చర్మ వైద్యులకు చూపించండి. ఈ ఈస్ట్‌ను తగ్గించే కీటోకొనజోల్ అనే మందున్న షాంపూ రాసిస్తే నురగ రాగానే కడిగేయకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉంచాలి. తగ్గాక కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడమంటారు, ఎందుకంటే ఈస్ట్ ఎక్కడికీ పోదు. పొట్టు, దురద ఉన్నన్నాళ్లు మాత్రం నూనె పెట్టి రాత్రంతా ఉంచకండి.